ప్రూఫు గదిలో ప్రార్థన

ఈ ఉదయం నా పక్క సీటు అక్క ఎర్ర పెన్నులో కొత్త రీఫిల్ వేసుకుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మా ఇద్దరిలో ఒకరికి ఇవాళే ఆఖరని తెలిసి కూడా.

"ఏమే పుస్తకాల పురుగూ, అంత బిక్కచచ్చిపోయావేం?" అంటూ నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ పిల్లని కాపాడు. నా సంగతి, నా ఇద్దరు పిల్లల సంగతి నీకు తెలుసు."

నేను ఆమెన్ అన్నాను.

మధ్యాహ్నం ఉద్యోగం తీసేసిన ఉత్తరం అక్క పేరునే వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

"ఊరుకోవే, ప్రూఫు తడుస్తుంది," అంది అక్క. "నీ కోసం అడిగింది విన్నాడుగా. నాకూ ఏదో దారి చూపిస్తాడు."

నిన్న మేనేజరు నన్ను పిలిచి, ఉద్యోగం పోతే ఇద్దరిలో ఎవరు తట్టుకోగలరని అడిగాడు.

అక్కకి దేవుడున్నాడని చెప్పాను.