పదకొండు పేర్లు

గోడకు చలువరాతి పలక బిగిస్తుంటే ఒక ముసలామె సరాసరి హాల్లోకి వచ్చేసింది.

"ఏటి రాసినారు బాబూ దీని మీద?"

రాయపూర్‌లో తెలుగు వినిపించేసరికి రైల్వే హోటల్ మేనేజరు ప్రకాశం ఆగాడు. అది 1981.

"ఈ డైనింగ్ హాలు కట్టి యాభై ఏళ్ళయిందని. ఇంజనీరు దొర పేరు, కాంట్రాక్టరు పేరు."

"కడతన్నప్పుడు కప్పు కూలి పదకొండు మంది సచ్చిపోనారు. ఆళ్ళ పేర్లేవి?"

హోటల్ చరిత్ర రాయించింది ప్రకాశమే. అందులో ఆ సంగతే లేదు.

"మీ ఆయన పోయాడా? పరిహారం కావాలంటే అర్జీ పెట్టుకో."

"నానేటి అడుక్కోడానికొచ్చినానా? పేర్లు రాయించు."

"రేపు పెద్దాఫీసరు వస్తున్నారు. వెళ్ళమ్మా."

"అయితే రేపే వస్తాను."

వచ్చింది. పెద్దాఫీసరు పలక మీది తెర తీస్తుండగా ఆమె గొంతు హాలంతా మోగింది.

"గేదెల సూరయ్య! బొడ్డేపల్లి అప్పన్న! కలిశెట్టి నర్సమ్మ!"

"ఏయ్, చుప్!" గార్డు ఆమె రెక్క పట్టుకున్నాడు.

ఆమె ఆగలేదు. ఈడ్చుకుపోతుంటే మెట్ల మీద ఇంకో నాలుగు పేర్లు. గేటు మూసేశాక చువ్వల అవతలి నుంచి మిగతా నాలుగు.

పెద్దాఫీసరు కసిరినా, పదకొండో పేరు అయ్యేదాకా వెయిటర్లు ట్రేలతో నిలబడ్డచోటి నుంచి కదల్లేదు.

ఆ గొంతు ప్రకాశాన్ని వదల్లేదు. వారం రోజులు స్టోరు గదిలో పాత రిజిస్టర్లు తిరగేశాడు. చివరికి ఒక్క వాక్యం దొరికింది. "కప్పు కూలి పదకొండు మంది కూలీలు మృతి."

పేర్లు లేవు.

కాగితం, పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాడు. అడగ్గా అడగ్గా ఊరి చివర బీర్‌గావ్‌లో ఆమె గల్లీ దొరికింది. ఇంటికి తాళం.

"బంగారమ్మ శుక్రవారం చనిపోయిందండీ," అంది పక్కింటి నర్సు లీలావతి.

ప్రకాశం జేబులోంచి కాగితం తీసి గుమ్మంలోనే కూర్చున్నాడు. "పేర్లు రాసుకుందామని వచ్చానమ్మా."

"రాసుకోండి. ఈ గల్లీలో అందరికీ వచ్చు. నేర్పేదాకా వదిలిందా? ఒక్కటి మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేది."

ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను పదకొండూ రాసుకున్నాడు.

"పలక మార్పిస్తాను. ఉద్యోగం పోతే పోనీ," అని లేచాడు. "వీళ్ళలో బంగారమ్మ భర్త ఎవరు?"

"ఎవరూ కాదు. ఆమెకసలు పెళ్ళే కాలేదండీ."

"మరి తమ్ముడా? తండ్రా?"

లీలావతి తల అడ్డంగా ఊపింది.

"ఆ రోజు కప్పు కింద పన్నెండు మంది ఉన్నారండీ, ప్రాణాలతో బయటపడింది పదహారేళ్ళ బంగారమ్మ ఒక్కతే."