ఇంటికో ఛాంపియన్

మా వీధిలో ఇంటికో రమ్మీ ఛాంపియన్. పెళ్లిపత్రికల్లో పేరు పక్కన డిగ్రీ మానేసి ఆ బిరుదే వేయించుకుంటున్నారు. అలాంటిది, మేమంతా ఆడే రెండు ఆన్‌లైన్ పేకాట కంపెనీలు కలిసిపోయి, పాత రోబో ఆటగాళ్లను తీసేసి కొత్తవాటిని కూర్చోబెట్టాయి. ఆ రోజు నుంచి ఛాంపియన్లెవరూ గడప దాటలేదు.

నేనూ ఛాంపియన్నే కాబట్టి, పెరటి గోడ దూకి పక్కింటి చిదంబరంగారిని పరామర్శించడానికి వెళ్లాను. ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టి కంపెనీవాళ్ల మీద కేకలేస్తున్నారు.

"ఆ పాత రోబో ఏడయ్యా? ఎంత మర్యాదస్థుడు! ఓడినప్పుడల్లా 'మీ ఆటే ఆట గురువుగారూ' అనేవాడు."

"అది ఓడిపోవడానికే చేసిన రోబో సార్. మీరు అలిగి ఆట మానేస్తారని అలా పెట్టాం. కొత్తవాటికి ఓడిపోవడం రాదు."

ఆయన ఫోన్ విసిరేసి, చిక్కుడుకాయలు వలుస్తున్న భార్యను పిలిచారు.

"అమృతవల్లీ, రా, మనిద్దరం ఆడదాం. పెళ్లయిన కొత్తలో రోజూ ఆడేవాళ్లం కదా. ఒక్కసారైనా గెలిచావుటే నా మీద?"

ఆవిడ చేతులు తుడుచుకుని, బీరువాలోంచి పాత పేకకట్ట తీసి, చకచకా కలిపి ముక్కలు పంచింది. అప్పుడు అడిగింది:

"పాత రోబోలా ఆడనా, కొత్తదానిలా ఆడనా?"