కొత్త పెట్రోలు

పెనుకొండ శివారులోని చెనక్కాయల గోదాములో యువరాజ్ రేసు కారు ఏడేళ్లుగా కదలలేదు. అతడు చెప్పకుండా ఇల్లు విడిచిన నాటి నుంచి గోదాము తాళంచెవి అక్క హేమావతి దగ్గరే ఉంది. కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైన ఆమెకు తెలుసు, అంతకాలం నిలవున్న పెట్రోలు జిగురుగా మారి ఇంజనును చెడగొడుతుందని. తమ్ముడు తిరిగొచ్చేసరికి బండి బాగుండాలని ఆమె పట్టుదల.

ఒకరోజు చీకటి పడ్డాక, పాత పెట్రోలు తోడడానికి ఆమె పిలిపించిన మెకానిక్ సుంకప్ప ట్యాంకులోకి పైపు దించి నోటితో పీల్చాడు.

"నోటితో వద్దంటే వినవేమప్పా!"

"మా పని ఇట్లే గదక్కా," అని ఉమ్మేసి, అతడు ఆగిపోయాడు. "ఇది పాతది కాదక్కా. పొద్దున్నే పోసినట్టుండాది."

టార్చి వెలుగులో, సీసాలోకి దిగిన పెట్రోలు తేటగా మెరిసింది. బానెట్ మీది దుమ్ము మాత్రం చెదరలేదు.

మారుతాళంచెవి ఎవరి దగ్గరో ఉంటుందని హేమావతి తేల్చింది. ట్యాంకును చుక్క మిగలకుండా తోడించి, గోదాముకు కొత్త తాళం వేయించింది.

మర్నాడు చీకటి పడ్డాక ఒంటరిగా వచ్చింది. తాళం వేసినట్టే ఉంది. ట్యాంకు మూత తీసి, పైపు దించి, జీవితమంతా విద్యార్థులను వద్దని వారించిన పనే తానూ చేసింది. కొత్త పెట్రోలు నాలుకను చురుక్కున కాల్చింది.

ఉమ్మేసి, ఊపిరి బిగబట్టి విన్నది. బండి దగ్గర ఆమె తప్ప ఎవరూ లేరు. ట్యాంకులోకి మాత్రం సన్నని ధార పడుతున్న చప్పుడు ఆగడం లేదు.

"యువరాజూ," అంది చివరికి, మెల్లగా. "అన్నం తిన్నావా అబ్బీ?"

ధార ఆగింది.