ఏడో నంబరు శవం

ఆ రోజు ఒక శవం తప్పిపోయింది.

హాల్లో పన్నెండు శవాలుండాలి. ప్రొఫెసరు రెండుసార్లు లెక్కపెట్టాడు. పదకొండే ఉన్నాయి.

కాలేజీలో అంతర్గత భద్రత శాఖ ఏటా జరిపే రిహార్సల్ అది. ప్రొఫెసరు ఈల వేస్తే బాంబు పేలినట్టు. మొదటి ఏడాది విద్యార్థులు బతికున్నవాళ్లను బయటికి చేర్చాలి. చచ్చినట్టు పడుకోవడానికి బయటి మనుషుల్ని కూలికి పిలుస్తారు. ఎవరు ఎక్కడ పడాలో నేలమీద సుద్దముక్కతో గీసి నంబర్లు వేస్తారు.

ఏడో గీతలో మనిషి లేడు.

"ఇక్కడున్నారు సార్," అంది ముందు బెంచీ అమ్మాయి. "వెనక తలుపు దగ్గర."

తలుపును ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని, పిడిని రెండు చేతులా పట్టుకుని పడివున్నాడు యాభై దాటిన మనిషి. చొక్కా మీద ఏడో నంబరు కాగితం.

"ఏమయ్యా, నిన్నెక్కడ చావమన్నాను?"

"మధ్యలోనండి."

"మరి ఇక్కడికొచ్చి చచ్చావేం?"

విద్యార్థులు గొల్లుమన్నారు.

ఏడో నంబరు లేచి కూర్చున్నాడు. అతను నవ్వలేదు.

"మధ్యలో ఎవరూ ఆగరండి. అందరూ తలుపు దగ్గరికే వస్తారు. ఇది లోపలికి తెరుచుకునే తలుపు. వెనకనుంచి తోస్తుంటే ముందున్నవాడు ఎంత లాగినా రాదు. శవాలు ఇక్కడే ఉంటాయండి. ఒకదాని మీద ఒకటి."

"ఓహో! పాఠం నువ్వు చెప్తావా? అయితే ఆ గీతలో నేను పడుకుంటాలే."

మళ్లీ నవ్వులు.

"ఈ విషయం మీద పుస్తకం రాసినవాణ్ణయ్యా నేను."

"తెలుసండి. చదివాను. మూడో అధ్యాయంలో, ఇరవై ఏళ్ల కిందట బాంబు పేలిన ప్రదర్శనశాల తలుపు బయటికి తెరుచుకున్నట్టు బొమ్మ గీశారు. ముందున్న మనిషి కంగారుపడి తొయ్యలేకపోయాడనీ, అందుకే అంతమంది పోయారనీ రాశారు. అది తప్పండి."

నవ్వులు ఆగిపోయాయి.

ప్రొఫెసరు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"శవానివి, శవంలా పడుండు! లేదా బయటికి నడు!"

"వెళ్తానండి. ఈ పిల్లలు రేపు ఉద్యోగాల్లో చేరి హాళ్లకు అనుమతులిస్తారు. ఈ ఒక్క తలుపూ తిప్పి పెట్టించండి. చూసి నేర్చుకుంటారు."

"పోతావా, గెంటించమంటావా?"

చొక్కా మీది కాగితం తీసి, మడిచి, ప్రొఫెసరు చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఏడో గీతలో గుమాస్తాను పడుకోబెట్టి రిహార్సల్ ముగించారు. నాలుగు నిమిషాల్లో హాలు ఖాళీ అయింది. వెనక తలుపును అటెండరు ముందుగానే తెరిచి పట్టుకున్నాడు.

ముందు బెంచీ అమ్మాయికి ఆ మనిషి మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. వారం రోజులు లైబ్రరీలో కూర్చుంది. ప్రదర్శనశాల మీద విచారణ సంఘం ఇచ్చిన నివేదిక దొరికింది. సారాంశం పది పేజీలు. వాంగ్మూలాలు నాలుగు వందల పేజీలు. ఆ నాలుగు వందల పేజీల సంపుటాన్ని ఇరవై ఏళ్లలో ఒక్కరూ తీసుకెళ్లలేదు.

నాలుగో సాక్షి వాంగ్మూలం పట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్లింది.

"తలుపును నావైపు లాగాను. వెనకవాళ్లు నామీద పడ్డారు. జానెడు సందు కూడా రాలేదు," అని చదివింది. "మీరిది చూశారా సార్?"

"సారాంశం చూశాను. అందరూ చూసేది అదే."

"మరి తలుపు బయటికి తెరుచుకుంటుందని ఎలా గీశారు?"

"నిబంధన అలా ఉంది కదమ్మా. అలాగే గీశాను."

"నిబంధన ప్రకారం ఉంటే వాళ్లెందుకు చస్తారు సార్?"

"గొంతు తగ్గించు. పదకొండేళ్లుగా చెప్తున్న పాఠం ఇది. వచ్చే ముద్రణలో చూద్దాం."

"ఆయన్ని పిలిపించండి. ఆ రోజు నవ్విన వాళ్లందరి ముందూ చెప్పనివ్వండి."

"ఎవర్ని? ఆ శవాన్నా?"

అమ్మాయి కాగితాలు మడిచి పట్టుకుంది. ఇంకొక్క మాట మాట్లాడితే ఏమంటుందో తనకే తెలియక బయటికి వచ్చేసింది.

కూలీలను పంపే మేస్త్రీ దగ్గర చిరునామా తీసుకుంది. అది రెండు గదుల ఇల్లు. గదులకు తలుపులు లేవు, తెరలున్నాయి.

"ఆయన పోయి నిన్నటికి నాలుగు రోజులమ్మా," అంది అతని భార్య. "ఊపిరితిత్తులు. ఆ పొగ పీల్చినప్పటినుంచీ అంతే."

అమ్మాయి సంచిలోంచి వాంగ్మూలం కాగితాలు తీసింది.

"ఆ నాలుగో సాక్షి..."

"ఆయనే. అడిగారు, చెప్పారు, రాసుకున్నారు. ఎవరూ చదవలేదు. మీ పుస్తకం చూసిన రోజు అన్నం ముట్టలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా మీ ప్రొఫెసరు జవాబివ్వలేదు. అప్పుడీ పనికి బయల్దేరారు. శవంలా పడుకోవడానికి మీకేం ఖర్మండీ అన్నాను. చెప్తే వినరే, చూస్తేనన్నా నమ్ముతారు అన్నారు."

"ముందున్న మనిషి కంగారుపడ్డాడనే మాకు చెప్పారండీ."

"కంగారు పడ్డారా?" ఆమె గొంతు మొదటిసారి లేచింది. "అరచేతుల తోలు ఆ పిడికే అంటుకుపోయిందమ్మా. ఆస్పత్రిలో మెలకువ రాగానే వరసగా పేర్లు పిలిచారు. హాజరు వేసినట్టు."

"ఎవరి పేర్లండీ?"

ఆమె జవాబు చెప్పింది.

పుస్తకం మళ్లీ అచ్చయింది. మూడో అధ్యాయంలో బొమ్మ మారలేదు. కాలేజీ హాలు వెనక తలుపు లోపలికే తెరుచుకుంటోంది. ప్రదర్శన చూపిద్దామని తన తరగతి పిల్లలు ఇరవై ఆరుగురినీ వరసలో నడిపించుకుని వెళ్లి, ఒక్కడే తిరిగొచ్చిన ఆ బడిపంతులు అడిగిన ఒక్క పనీ ఇంకా జరగలేదు.