చెవిపోటు అనే పెద్దమనిషి

“ఫిడేలు గొంతు నులిమితే ఇలాగే ఏడుస్తుంది. పాపం, వదిలెయ్.”

లిఫ్టు మెకానిక్ ఆ మాటలు మళ్లీ చదివాడు. కింద ఎప్పుడూ ఉండే పేరే: చెవిపోటు.

పగలంతా గ్రీజుతో, ఇనుప తాళ్లతో పని. ఇంటికొచ్చి చేతులు రుద్ది రుద్ది కడుక్కుని ఫిడేలు పట్టుకుంటేనే అతను మళ్లీ మనిషయ్యేవాడు. వాయించింది ఫోనులో రికార్డు చేసి నెట్లో పెట్టేవాడు. వినేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. వాళ్లలో ఒక్క పాటనీ వదలకుండా తిట్టేది చెవిపోటు మాత్రమే.

“మొదటి చరణంలో తాళం పోయింది. రెండో చరణంలో దాన్ని వెతకను కూడా లేదు నువ్వు.”

ఇంట్లోనూ అదే వరస. ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది. గొడవ దేని గురించో భార్యా మరిచిపోయింది, అతనూ మరిచిపోయాడు. ముందు ఎవరు దిగిరావాలన్న దగ్గరే ఆగిపోయారు. చెప్పాల్సినవన్నీ పిల్లికి చెప్పేవారు.

“ఏమే పిల్లీ, అయ్యగారి కచేరీ అయిందేమో కనుక్కో. అన్నం చల్లారిపోతోంది.”

“మిక్సీ మోత ఆగాకే నా పాటా ఆగుతుందని చెప్పవే.”

అతను ఫిడేలు కమాను ఎత్తాడంటే ఆవిడ మిక్సీ వేయాల్సిందే.

చెవిపోటు ఎవడో తేల్చుకోవాలనుకున్నాడు. పనిచేసే చోట స్టోర్ కీపర్‌కి అతనంటే పడదు. నేరుగా వెళ్లి నిలదీశాడు.

“ఏంటీ, నువ్వు ఫిడేలు వాయిస్తావా?” స్టోర్ కీపర్ కళ్లు మెరిశాయి. “ఒరేయ్, అందరూ ఇటు రండ్రా. మన విద్వాంసుణ్ని చూసిపోండి.”

ఆ తర్వాత స్పానరు అడిగినా “కమాను వద్దా అన్నా?” అనే ఇచ్చేవారు.

ఆ వారం పాటకి చెవిపోటు ఒకే ముక్క రాసింది: “ఆ చేతులకి ఇంకేదైనా పని చెప్పు.”

చాలనుకున్నాడు. అమ్మేద్దామనుకున్నాడు.

ఆదివారం పొద్దున భార్య బట్టలు ఆరేయడానికి మేడెక్కింది. అతను రికార్డు చేసే ఫోను వంటింట్లో ఛార్జింగులో ఉంది. ఆఖరిసారి అనుకుంటూ ఫిడేలు తీశాడు. తిట్టేవాడు వినడన్న ధైర్యమేమో, చెయ్యి ఎక్కడా తడబడలేదు. వాయించి, తుడిచి, పెట్టెలో పెట్టేశాడు.

మధ్యాహ్నం ఆ పెట్టె ఫోటో తీసి, పాటలు పెట్టే చోటే అడ్రసుతో సహా పెట్టాడు. “ఫిడేలు అమ్మబడును. కావలసినవారు సాయంత్రం రావచ్చు.”

“ఏమే పిల్లీ, మనింటికి పీడ విరగడవుతోందట,” వంటింట్లోంచి వినిపించింది.

“అవునని చెప్పవే. ఇక ఆ మిక్సీనే పాడుకోమను.”

ఫోను టింగుమంది. చెవిపోటే. చివరి తిట్టు కూడా తినేద్దామని తెరిచాడు.

“పొద్దున ఫోను వంటింట్లో వదిలేసి వాయించారే, ఆ పాట ఇంకొక్కసారి వినిపించాకే అమ్మండి.”