మిక్క ఎవరికి?

“ఒక్క ముక్క కూడా మార్చకండి. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెప్పండి,” అంది మెలిత్త, న్యాయస్థానం గుమ్మం దగ్గర మొగుడి గడ్డం సవరిస్తూ.

“నాకు చెప్పొచ్చావా! నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తా,” అన్నాడు కల్లిప్పోస్.

అది చూసి ఫానియాస్‌కి ఒళ్లు మండింది. బాబాయి కల్లిప్పోస్ ఈ కేసు గెలిస్తే పిన్నికి విడాకులే. అయినా ఈవిడ సేవలు చూడు!

కేసు మిక్క కోసం. కొడుకుల్లేకుండా పోయినవాడి కూతురు, ఆస్తితో సహా, తండ్రి వైపు దగ్గరి మగవాడికే భార్యగా పోవాలని ఏథెన్స్ చట్టం. పోయిన మిక్క తండ్రికి కల్లిప్పోస్ తమ్ముడు, ఫానియాస్ అన్నకొడుకు. బాబాయి కన్ను ఆ ఆస్తిలోని ఆలివ్ తోట మీద. ఫానియాస్ ప్రాణమంతా మిక్క మీద. మిక్కకీ అతనంటేనే ఇష్టం. కానీ ఆమె ఇష్టం అక్కడ ఎవరడుగుతారు?

ఎవరి వాదన వాళ్లే నోటితో చెప్పుకోవాలి. బాబాయి ఊళ్లో పేరుమోసిన రచయిత చేత ఉపన్యాసం రాయించుకున్నాడు. ఫానియాస్‌కి ఆ స్తోమత లేదు. ఏం చెప్పాలో కూడా తోచడం లేదు.

మాటల గడువు కొలిచే నీటి గడియారం వదిలారు. కల్లిప్పోస్ గొంతెత్తాడు.

“ఏథెన్స్ పౌరులారా! నాకు అరవై ఏళ్లు. ఏ దురాశా లేదు. ఆ పిల్లని కన్నకూతురిలా చూసుకుంటాను. వేలితోనైనా తాకనని దేవతల మీద ఒట్టు!”

చప్పట్ల కోసం ఆగాడు. తీర్పరులు నాలుగు వందల మందీ నోళ్లు తెరిచారు. తర్వాత సభంతా గొల్లున నవ్వింది.

“మరి పోయినాయన ఇంటికి వారసుడు ఆలివ్ చెట్టుకి కాస్తాడా?” అని అరిచాడొకడు.

“నెలకి మూడుసార్లు పక్క చేరాలని చట్టం, తాతా! ఒట్టు పెట్టి మరీ మానేస్తానంటావేం?” అన్నాడు ఇంకొకడు.

ఫానియాస్ వంతు వచ్చింది. ఇప్పుడు మాట దానంతటదే వచ్చింది.

“అయ్యా, నేను మాత్రం అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు,” అని కూర్చున్నాడు. దాదాపు ఓట్లన్నీ అతని కుండలోనే పడ్డాయి.

పెళ్లి విందులో మిక్క నవ్వు ఆపుకోలేకపోతోంది. కల్లిప్పోస్ ఓ మూల కూర్చుని రచయితని తిట్టిపోస్తూనే నువ్వుల ఉండలు లాగిస్తున్నాడు. ఫానియాస్ ఆనందం పట్టలేక, ఉండలు పంచుతున్న మెలిత్తని ఆపాడు.

“పిన్నీ, అంత పేరున్నాయన అలాంటి చెత్త ఎలా రాశాడు?”

“పాపం, ఆయన్నేమీ అనకురా. భేషుగ్గా రాశాడు,” అంది మెలిత్త, గొంతు తగ్గించి.

“మీ బాబాయికి చదువు రాదుగా, చదివి వినిపించింది నేనే.”