వేళ్ళ వెంట

“ఆ వేళ్ళు ఆపండి డాక్టరమ్మా!” పడవవాడు కుర్చీలోంచి సగం లేచాడు.

అతని కళ్ళ ముందు అటూ ఇటూ ఊపుతున్న వేళ్ళని ఆమె ఆపింది. “ఏం కనిపించింది?”

“నీళ్ళు. నా చేతిలోంచి మా ఆవిడ చెయ్యి జారిపోవడం. ఇన్నేళ్ళుగా రోజూ కనిపించేదే. వేళ్ళాడించి చూపించడానికి ఇంత చదువెందుకమ్మా?”

“తిట్టండి, ఫర్వాలేదు. మనసులో ఇరుక్కున్న జ్ఞాపకాన్ని కదిపే వైద్యం ఇది. తల తిప్పకుండా కళ్ళతోనే నా వేళ్ళ వెంట రండి. ఏదొస్తే అది రానివ్వండి.”

తలుపు అవతల బెంచీ మీద కూతురు కూర్చుని ఉంది. ఇక్కడికి లాక్కొచ్చింది తనే. “నిద్రలో నీ కేకలు వినలేక చస్తున్నా. అమ్మని ఎందుకు వదిలేశావో ఇవాళ తేలాలి. లేకపోతే నీకూ నాకూ చెల్లు” అంది దారిలో.

వేళ్ళు ఎడమకి వెళ్ళాయి. కుడికి వచ్చాయి. పడవవాడి చూపు తెడ్డులా వాటి వెంట ఊగింది. గోడ మీది ఎండ అలలు కట్టింది. కిటికీ తెర తెరచాపలా ఉబ్బింది. పాదాలు తడిసినట్టయింది. ఎందుకో భయం వేయలేదు.

“ఇప్పుడు?”

“పడవ బోర్లా పడింది. పిల్ల నా మెడ పట్టుకుని వేలాడుతోంది. గుప్పెడంత పిల్ల. దాని తల్లి చెయ్యి నా చేతిలో ఉంది.”

“అక్కడే ఉండండి.”

వేళ్ళు మళ్ళీ ఊగాయి. నీళ్ళు ఆకుపచ్చటి అద్దంలా నిలిచిపోయాయి. ఎక్కడా చప్పుడు లేదు. భార్య మొహం బాగా దగ్గరికొచ్చింది. ఆమె పిల్లని చూసింది. తర్వాత అతన్ని చూసింది.

“నేను వదల్లేదు.” పడవవాడి గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది. “గట్టిగానే పట్టుకున్నాను. ముగ్గురం మునిగిపోతున్నాం. ఇద్దరిని మోయలేనని దానికి తెలిసిపోయింది. నా వేళ్ళు ఒక్కొక్కటే అదే విడదీసింది. పిల్లని పైకెత్తమని కళ్ళతోనే చెప్పింది. మొండిఘటం! నా మాట ఏనాడు విన్నది గనక?”

డాక్టరమ్మ చెయ్యి ఒళ్ళోకి దించుకుంది. “తప్పు మీది కాదు. వెళ్ళి అమ్మాయికి చెప్పండి.”

అతను మొహం తుడుచుకుని బయటికొచ్చాడు. కూతురు లేచి దారికి అడ్డంగా నిలబడింది.

“తెలిసిందా? ఎందుకు వదిలేశావు?”

ఆనాడు తన మెడ పట్టుకుని వేలాడిన ఆ పిల్లని అతను నిదానంగా, తల నుంచి కాళ్ళ దాకా చూశాడు.

“చెయ్యి నొప్పి పుట్టింది, వదిలేశాను. తప్పుకో.”